ఎనిమిది బోల్టులు

ఉలార్బెక్ బిగించిన బోల్టు మీద పసుపు రంగు గీత పెట్టాడంటే ఇక దాని జోలికి ఎవరూ పోరు. బిష్కెక్‌లో పందెం కార్ల ఇంజిన్లు విప్పి కట్టేవాళ్లందరూ ఒప్పుకున్న మాటే అది. పోయినేడు అతని చెల్లెలు బెగాయిమ్ కారులో కనెక్టింగ్ రాడ్డు విరిగి, ఇంజిన్ పొట్ట చీల్చుకుని బయటికొచ్చింది. కారు లోయ అంచున ఆగింది కాబట్టి పిల్ల దక్కింది. ఈసారి నాలుగు రాడ్లూ కొత్తవి వేశాడు. రాడ్డుకు రెండేసి బోల్టులు. ముందు కొలతకు బిగించాలి, ఆపైన ఇంకో పావు చుట్టు తిప్పాలి, అప్పుడు గీత పెట్టాలి.

ఆదివారం కొండదారి పందెం. బెగాయిమ్ కారు వరసలో మూడోది. ఈ ఒక్క పరుగు గెలిస్తే అల్మాటీ జట్టువాళ్లు తీసుకుంటామన్నారు. ఉలార్బెక్ దాని ముందు అద్దం తుడుస్తున్నాడు. పక్కనే ఎవరో ముసలమ్మ కడాయిలో బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తోంది. ఆ కాగిన నూనె వాసన ముక్కుకు తగిలిందో లేదో, మనిషి చేతిలో గుడ్డతో అలాగే నిలబడిపోయాడు.

గురువారం! తను బోల్టులు బిగిస్తుండగా పక్కింటి నూర్జమాల్ పెద్దమ్మ బోర్సోక్ పళ్లెం పట్టుకుని గ్యారేజీలోకి వచ్చింది.

"పోయిన మా ఆయనకి ఇవి వేయించి నూనె వాసన చూపించానురా. ఆ పానా అవతల పడేసి చేతులు కడుక్కో. ఆయన పేరు చెప్పి నాలుగు తిను."

పోయినవాళ్ల పేర తెచ్చింది వద్దంటారా ఎవరైనా! కూర్చున్నాడు, దోసిలి పట్టాడు, ప్రార్థన చివర ఓమిన్ అన్నాడు, తిన్నాడు, టీ తాగాడు. తిరిగొచ్చి ఎనిమిదింటికీ ఒకేసారి గీతలు పెట్టేశాడు. పెద్దమ్మ పిలిచేసరికి పానా మూడో రాడ్డు మీద ఉంది. దానికి ఆ పావు చుట్టు తిప్పాడా? ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. తిప్పకపోతే పై మలుపులో ఇంజిన్ అరుస్తున్నప్పుడు ఊడుతుంది. అవతల లోయ. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"దిగు," అన్నాడు కిటికీలో తలపెట్టి చెల్లెలితో.

"పందెం నీదా నాదా అన్నా? ఆ మొహమేంటి, అలా పాలిపోయింది?"

"మూడో రాడ్డు సరిగ్గా బిగించానో లేదో గుర్తులేదు."

"గీత పెట్టావా?"

"పెట్టాను."

"మరింకేం! ఊరంతా నమ్మే గీత నువ్వు నమ్మవా? జరుగు జరుగు."

"ఊరికే పెట్టేశానే! చూడకుండా పెట్టేశాను! దిగవే, నీ కాళ్లు పట్టుకుంటా."

చుట్టూ ఉన్న మెకానిక్కులు విననే విన్నారు. ఒకడు ఈల కూడా వేశాడు. ఉలార్బెక్‌కి తల కొట్టేసినట్టయింది. ఇంతా చేస్తే పిల్ల దిగలేదు. జెండా మనిషి రమ్మని చెయ్యి ఊపాడు, ఆమె గేరు వేసింది. ఇక మాటలతో లాభం లేదని ఉలార్బెక్ కిటికీలోంచి చెయ్యి చాచి, తాళం తిప్పి లాగి, కింద పారే ఏటిలోకి విసిరేశాడు.

బెగాయిమ్ దిగి రెండు చేతులా కొట్టింది. "పాడుచేశావు కదరా! నా బతుకు పాడుచేశావు కదరా!" అంటూ గొంతు పోయేలా ఏడ్చింది. అతను ఒక్క దెబ్బా తప్పించుకోలేదు.

సాయంత్రానికి కారును గ్యారేజీకి లాక్కొచ్చి ఆయిల్ చాంబరు విప్పారు. ఉలార్బెక్ కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడింది. తన చేత్తో బిగించిన బోల్టు వదులుగా ఉండాలని మొక్కుకునే మెకానిక్కు ఎక్కడైనా ఉంటాడా? ఉలార్బెక్ మొక్కుకున్నాడు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కదలనీ తండ్రీ అని వేడుకున్నాడు. పావు చుట్టు తిరిగాక ఉండాల్సిన బిగువుకు పానా పెట్టుకుని, మూడో రాడ్డు మొదటి బోల్టుకు వేసి లాగాడు. ఆ బిగువు అందగానే పానా టిక్కుమంది, బోల్టు కదల్లేదు. రెండోదీ అంతే. ఇంజిన్ చేత్తో తిప్పుకుంటూ మిగతావీ చూశాడు. అన్నీ బిగుసుకుని ఉన్నాయి.

పానా అటు తిప్పి ఒక్క నొక్కు నొక్కితే చాలు, బోల్టు వదులవుతుంది, ఇదిగో చూడవే అని చూపించొచ్చు. చెయ్యి అటు పోయింది కూడా. కానీ నొక్కలేకపోయాడు.

"ఏమైందన్నా? వదులుగా ఉందా?"

"లేదమ్మా. అన్నీ గట్టిగానే ఉన్నాయి."

ఆమె వచ్చి కారు పక్కన చతికిలబడింది.

"అబద్ధమైనా చెప్పొచ్చు కదన్నా," అంది చివరికి.