తెర వెనక ఊడ్చిన మనిషి

పొద్దున ఆరు గంటలు. మబ్బు లేదు. పడమటి గాలి ఇసక ఎత్తి గోడలకు కొడుతోంది.

కృపాకుమారి డ్రమ్ము మూత తీసి చూసింది. జానెడు నీళ్లున్నాయి. ఈ రోజు ట్యాంకరు వస్తుంది. వీధి మొదట్లో అప్పుడే బిందెలు వరుస కట్టాయి. నాలుగోది వాళ్లింటి బిందె. దాని పక్కన తూనీగ కరెంటు స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. గాలి రోజుల్లో అలా పట్టుకోమని కృపాకుమారే చెప్పింది. ఎదురుగా చూస్తే నిండు ఆడపిల్ల. పక్కనుంచి చూస్తే కాగితమంత. వదిలేస్తే రైలు గేటు దాకా ఎగిరిపోతుంది. ఒకసారి పోయింది కూడా.

తూనీగ ఆమె కూతురు రెబెకా గీసుకున్న బొమ్మ. ఊదా రంగు జుట్టు, చెవుల దాకా కళ్లు, వీపున సన్నని రెక్కలు. రెబెకా ఫోను ముందు కూర్చుని మాట్లాడితే, చూసేవాళ్లకు ఆమె మొహం బదులు ఈ బొమ్మ మొహం కనబడి మాట్లాడేది. ఆటలు ఆడేది, కబుర్లు చెప్పేది. వేలమంది చూసేవాళ్లు. పోయిన చలికాలం ఒకనాడు అది ఫోనులోంచి దిగి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. కృపాకుమారి ఇంకో అన్నం తట్ట పెట్టింది. తినదని తెలిశాక తీసేసింది. అంతే.

సొంత గొంతు మాత్రం లేదు దానికి. రెబెకా నోరు కదిలితేనే దాని నోరు కదిలేది.

"తూనీగా, ట్యాంకరు యాడుందంట?" బిందె దించుతూ పక్కింటి చిన్నక్క అడిగింది.

ఇంటి వెనక పళ్లు తోముకుంటున్న రెబెకా పెదవులు కదిలాయి. "నాకేం తెల్సు చిన్నక్కా, నేనూ ఈడే ఉండా కదా!" అంది వీధిలో తూనీగ.

కృపాకుమారికి నవ్వు రాలేదు. నెల రోజులుగా రావడం లేదు.

నెల కిందట ఆమె తమ్ముడు ఆదెన్న పోయాడు. తాడిపత్రిలో బయ్యన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో పదేళ్లు రాయి కోశాడు. నీళ్లు లేవని పొడి బ్లేడుతోనే కోయించారు. దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. టీబీ అని రాసిచ్చారు. సమాధి చేసి వచ్చిన సాయంత్రం రెబెకా ఫోను ముందు కూర్చుంది. తూనీగ నోటితో ఆదెన్న పేరు చెప్పింది. ఐదేళ్లలో ఆ ఫ్యాక్టరీ దుమ్ముకు పోయిన ఇంకో పదమూడు మంది పేర్లు చెప్పింది. లక్ష మంది చూశారు.

మర్నాడు బయ్యన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి అన్నాడు: "ఆ గొంతు ఎవురిదో నాకు కావల్ల."

ఆయన మనుషులు కాలనీకి వచ్చి ఈ బొమ్మపిల్ల ఎవరింటిదని అడిగారు. ముప్పై రెండు ఇళ్లవాళ్లూ మాదే అన్నారు. వాళ్లు వెళ్లిపోయారు. కానీ కృపాకుమారికి తిప్పయ్య గుర్తున్నాడు. రెండేళ్ల కిందట మూతికి కట్టుకోను మాస్కులు అడిగినందుకు తిప్పయ్య రెండు చేతులూ విరిగాయి. లారీ తగిలిందని రాసుకున్నారు. ఆమె మొగుడు యేసన్న ఇప్పటికీ ఆ ఫ్యాక్టరీకే పోతున్నాడు, దగ్గుకుంటూ. వేరే పని ఎక్కడుంది?

అప్పటినుంచి ఆమె రోజూ పొద్దుగూకే వేళకు గడపలో కూర్చుని ఇంటికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్క పెడుతోంది.

"ఈ పొద్దు పోవాకు" అంది కూతురితో.

"పోకుంటే అనుమానం వస్తాదిమా. కాలేజీ పిల్లోల్లంతా వస్తాండారు."

సంగతి ఇది. ఆదెన్న పోకముందే రెబెకా ఒక పోటీకి తూనీగ వీడియో పంపింది. ల్యాప్‌టాప్ ఇస్తారని. ఆ పోటీ పెట్టింది బయ్యన్నే, వాళ్ల నాయన పేరుమీద. పంపినవాళ్ల పేర్లు మూసిన కవర్లలో జడ్జి దగ్గర ఉంటాయి. యానిమే, అంటే జపాను తరహా బొమ్మల సినిమా విభాగంలో, గెలిచినవాళ్ల కవరు మాత్రమే విప్పుతారు. మిగతావాటిలో పేర్లు ఎవరూ చూడరు. మనిషి మాట్లాడే వీడియోలైతే కవరు ముందే విప్పి, ఆ మనిషిని మైకులో పిలుస్తారు. తూనీగ తన పోటీలోనే ఉందని బయ్యన్నకు ఎవరో చెప్పారు. అది యానిమే కాదని ఆయన ఫిర్యాదు పెట్టాడు. ఈ రోజు తేలుస్తారు.

"యానిమే అంట!" కృపాకుమారి చేతిలోని చీపురు పరక విసిరింది. "గొంతు బొంగురుపోయింది నీకా, బొమ్మకా? రాత్రంతా ఏడ్చి మాట్లాడింది ఎవురు? దాని ఎనక మనిషి ఉండాది. నా బిడ్డ ఉండాది. బొమ్మల సినిమా అని ఎట్ల రాస్తివి?"

"అట్ల రాసినందుకేమా ఇంకా బతికుండా."

కృపాకుమారి పరక తీసుకుని పనికి పోయింది. పోటీ జరిగే కల్యాణమంటపం ఊడ్చేది ఆమే. ఆదివారం ప్రార్థన మానేసి ఎనిమిది గంటలకల్లా కుర్చీల కింద, మెట్ల మీద, వేదిక మీద కట్టిన తెల్ల తెర వెనక ఊడ్చింది.

పదిన్నరకు మొదలైంది. వేదిక మీద జడ్జి శ్రీరంగప్ప సారు, హైస్కూల్లో నలభై ఏళ్లు డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఆయన ముందు ఖాకీ కవర్ల కట్ట. ముందు వరుసలో బయ్యన్న. గోడల వెంట ఆయన మనుషులు.

భరత్ అనే పిల్లవాడు ముందుగా లేచాడు. కాలేజీలో జపాను బొమ్మలంటే పిచ్చి ఉన్నవాడు. బయ్యన్న ఎవరో, కవరు కథ ఏమిటో వాడికి పట్టలేదు.

"ఎనిమిదేండ్లుగా చూస్తాండా సార్. యానిమేలో ప్రతి కదలికా ముందే గీసింటారు. కథ ఉంటాది. ఇది ఆ పొద్దుకు మనిషి ఏమనుకుంటే అది మాట్లాడతాది. ముసుగేసుకున్న మనిషి సార్ ఇది! దీన్ని యానిమే అంటే యానిమేకే అవమానం."

"యానిమేకు మాత్రం మనుషులు గొంతియ్యరా?" అంది వెనకనుంచి ఒక పిల్ల.

"ఇస్తారు. రాసిచ్చింది చదువుతారు."

"గీసింది కదిల్తే బొమ్మే కదప్పా!"

"అట్లయితే మా ముసలి జేజి ఫోన్లో పిల్లి చెవులు పెట్టుకుని ఫొటో దిగింది, ఆమె కూడా యానిమేనా?"

హాలు గొల్లుమంది. కృపాకుమారి గోడ పక్కన నీళ్ల చెంబులు నింపుతూ విన్నది. ఒళ్లు మండింది. గంటన్నర. ఏ రకం బొమ్మ, ఏ దేశం బొమ్మ, జుట్టు ఎట్లా గీయాలి. ఆ బొమ్మ చెప్పిన పధ్నాలుగు పేర్లను ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు.

శ్రీరంగప్ప బల్ల తట్టాడు. "నాకు తెలిసింది చెప్తా. మనిషి ఊరుకుంటే బొమ్మా ఊరుకుంటే, అది ముసుగు. మనిషి ఊరుకున్నా బొమ్మ నిలబడి పలికితే, అది బొమ్మ. యానిమే అనండి, ఇంకోటి అనండి."

"అంతే కదా సార్!" బయ్యన్న లేచాడు. "దాన్నే పిల్సండి. పలకమనండి. ఎవురి నోరు కదుల్తాదో మావాళ్లు చూస్తారు."

మనుషులు గోడలు వదిలి వరుసల మధ్యకు వచ్చారు. ఆడపిల్లల నోళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు.

తూనీగ వాకిట్లోంచి వచ్చి మెట్లెక్కింది. మైకు కడ్డీ గట్టిగా పట్టుకుంది.

"ఫ్యాను తగ్గించండప్పా, పిల్ల ఎగిరిపోతాది" అన్నాడు శ్రీరంగప్ప. తర్వాత అడిగాడు: "ఏమమ్మా, నీ ఎనక ఎవరున్నారు?"

మూడో వరుసలో రెబెకా గడ్డం పైకి లేచింది. ఎదురు మాట్లాడే ముందు ఆదెన్న గడ్డం అట్లాగే లేచేది. మరుక్షణం ఎట్లా నడిచిందో తెలియదు, కృపాకుమారి కూతురి ముందు నిలబడి ఉంది. చేతిలో చెంబు.

"తాగమ్మాయ్."

రెబెకా చూసింది.

"తాగు. మళ్లీ రావు నీళ్లు."

రెబెకా చెంబు ఎత్తింది. కృపాకుమారి వేదిక వైపు తిరిగింది.

"ఎనక ఎవరూ లేరు సార్. తెర ఎనక పొద్దున నేనే ఊడ్చినా. కసువు తప్ప ఏమీ లేదు."

"నిన్నెవురు అడిగినారే?" అన్నాడు బయ్యన్న.

"ఎవురూ అడగరు. అందుకే చెప్తాండా."

పొద్దున ఏ మాట కోసం పరక విసిరిందో ఆ మాటను తానే కాదన్నది. కడుపున పుట్టినదాన్ని లేదన్నది.

అప్పుడు తూనీగ నోరు తెరిచింది.

"ఆదెన్న" అంది.

అది రెబెకా గొంతు కాదు. నీళ్లు పోయకుండా రాతి మీద బ్లేడు తిప్పితే వచ్చే గొంతు. తర్వాత రెండో పేరు. మూడోది. బయ్యన్న మనుషులు ఈ నోటినుంచి ఆ నోటికి చూస్తున్నారు. ఏదీ కదలడం లేదు. రెబెకా చెంబు ఎత్తి తాగుతూనే ఉంది, నీళ్లు మెడ మీదుగా కారుతున్నాయి. పధ్నాలుగో పేరు అయ్యేదాకా హాల్లో ఎవరూ దగ్గలేదు.

శ్రీరంగప్ప కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పుస్తకంలో రాశాడు. "యానిమే."

"సార్, కానీ రూలు ప్రకారం..." అన్నాడు భరత్.

"కూచో నాయనా. కథ లేదు కాబట్టి బహుమానం లేదు. కవరు విప్పే పని లేదు."

బయ్యన్న కుర్చీ తన్ని బయటికి పోయాడు.

శ్రీరంగప్ప కట్టలోంచి, పైన తూనీగ అని రాసిన కవరు తీసి కృపాకుమారిని పిలిచాడు. ఆమె గడ్డం చూశాడు. మూడో వరుసలో పిల్ల గడ్డం చూశాడు. నలభై ఏళ్లు మొహాలు గీయించిన కన్ను అది.

"చెత్తతో పాటు కాల్చెయ్యమ్మా" అన్నాడు.

మంటపం వెనక ఆమె అగ్గిపుల్ల గీసింది. కవరు బూడిదయ్యేదాకా కదల్లేదు.

సాయంత్రం ఆరు. గాలి తగ్గలేదు. రెబెకా కాలేజీ పిల్లలతో ఆటోలో వచ్చింది. యేసన్న షిఫ్టు దిగి వచ్చి గోడకు ఆనుకున్నాడు. కృపాకుమారి గడపలోనే కూర్చుంది.

పొద్దు వాలుతుండగా తూనీగ కనబడింది. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పట్టుకుంటూ వస్తోంది. ఒక రెక్క సగానికి చినిగింది. తలనుంచి మడమ దాకా, వీపు మీద జీపు టైరు అచ్చు.

"ఎవురు?" అన్నాడు యేసన్న.

ఎవరూ చెప్పనక్కర్లేదు. కృపాకుమారి తడిగుడ్డతో వీపు తుడిచింది. అచ్చు పోలేదు. కాగితం కాబట్టి లేచి వచ్చింది. ఆమె లోపల కూర్చున్న కూతురి వీపు వైపు చూసింది. గుడ్డను మెలిపెట్టి పిండింది. కోపంతోనే.

"రేపు కూడా చెప్తా" అంది తూనీగ. లోపల రెబెకా నోరు మూసే ఉంది.

కృపాకుమారి కుడి చెయ్యి తెరిచి బొటనవేలు మడిచింది. యేసన్న. చూపుడువేలు. రెబెకా. నడిమివేలు. తూనీగ. ఉంగరపువేలు. తను.

చిటికెనవేలు మడవలేదు. అది ఆదెన్నది.