జుట్టులో నిలవని పిన్నులు

బియ్యం డబ్బా మూత మీద లేదు. సబ్బుపెట్టెలో లేదు. కిటికీ ఊచల సందులో వేలు పెట్టి తడిమితే దుమ్మూ ఒక చచ్చిన చీమా వచ్చాయి గానీ పిన్ను రాలేదు. కనకరత్నం ముడిని ఎడంచేత్తో అదిమి పట్టుకుని, దిండు కింద దొరికిన ఒక్క చెంపపిన్నూ పళ్ళ మధ్య కరుచుకుని, మిగతావాటి కోసం గదంతా తిరుగుతోంది. రాత్రి పడుకునే ముందు నాలుగూ తీసి ఒక్కచోటే పెట్టింది. ఆ ఒక్కచోటు ఏదో మాత్రం గుర్తు రావడం లేదు.

కాలవగట్టు మీద ఆటో హారను కొట్టింది. పీచు ఫ్యాక్టరీకి వెళ్ళే ఆడవాళ్ళ ఆటో అది. రెండోసారి కొట్టి ఆగదు.

"రత్నం," అని మంచం మీంచి సాలమోను పిలిచాడు. పక్షవాతం వచ్చాక ఆయన మాట ముద్దముద్దగా వస్తుంది. "ఇలా రా ఓసారి."

"వస్తానండీ. ముందు ఆ పిన్నేదో దొరకనివ్వండి."

"వెతక్కు. ఇలా రా."

"వెతక్కపోతే మిషను దగ్గర నిలబడనిస్తారేంటండీ జుట్టు విరబోసుకుని?"

ఆటో రెండో హారనూ కొట్టింది. ఉన్న ఒక్క పిన్నునే ముడిలోకి గుచ్చుకుని, క్యారేజీ చంకలో పెట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు సగం దూర్చి పరుగెత్తింది. ఆటో కదిలాక గానీ ఆయన పిలిచాడనీ, తాను వెళ్ళలేదనీ గుర్తు రాలేదు.

పిన్నులతో ఆమెకి ఇది ఇవాళ్టి గొడవ కాదు. ముప్ఫై రెండేళ్ళ కిందట, పెళ్ళినాడు, చర్చిలో ప్రార్థన మధ్యలో పిన్నులు ఊడిపోయి మేలిముసుగు జారి పాస్టరు గారి పుస్తకం మీద పడింది. ఆడపడుచులు నెల్లాళ్ళు నవ్వారు. ఆ వచ్చే సంతకి సాలమోను ఒక అట్ట పిన్నులు కొనుక్కొచ్చాడు. డజను. మళ్ళీ సంత నాటికి మూడు మిగిలాయి. అప్పట్లో ఆమె జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది కాబట్టి, బరువుకి జారుతున్నాయనుకున్నారు. తీరా జుట్టు పలచబడి, నెరిసి, పిడికెడు మిగిలాక, పట్టుకోడానికి ఏమీ లేక జారడం మొదలెట్టాయి. ఏ కాలానికి ఆ కారణం. పిన్నులు మాత్రం పోతూనే ఉన్నాయి. కాలవరేవులో పోయాయి, పొయ్యి బూడిదలో దొరికాయి, ఒకసారి పప్పులోంచి వచ్చింది.

పదేళ్ళ పాటు పీచు మోపులు ఎత్తి ఎత్తి ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. అప్పటి నుంచీ పొద్దున్నే ఆమె గడప మీద కూర్చుంటే సాలమోను వెనక నిలబడి పిన్నులు పెట్టేవాడు. కొబ్బరిచెట్లెక్కి కాయల దింపులు తీసే మనిషి. అరచేతులు మట్టల్లా గరుగ్గా ఉండేవి. అంత మొరటు చేతులూ జుట్టు దగ్గరికొచ్చేసరికి నెమ్మదించేవి. నాలుగు పిన్నులూ పెదాల మధ్య పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గుచ్చేవాడు. ఆయన పెట్టిన పిన్ను సాయంత్రం దాకా కదిలేది కాదు. పిల్లలు కలగని ఇంట్లో పొద్దున్నపూట సందడంటే అదే. పోయిన ఏడాది ఎండాకాలం, చెట్టు దిగి కల్లంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. అప్పటి నుంచి ఆమె పిన్నులు ఆమే పెట్టుకుంటోంది, వెనక్కి కళ్ళు లేని ఎడంచేత్తో.

ఫ్యాక్టరీ అంటే రేకుల షెడ్డూ, దాని ముందు పెద్ద కల్లమూ. కొబ్బరి డొక్కలు మిషనులో పడి పీచూ పొట్టూ వేరవుతాయి. ఆ తడి పీచుని ఎండలో పరిచి, తిరగేసి, ఆరాక బేళ్ళు కడతారు. కనుబొమల మీదా ముక్కుల్లోనూ ఎర్ర పొట్టు చేరి, మధ్యాహ్నానికి ఆడవాళ్ళందరూ ఒక్క తల్లి బిడ్డల్లా కనిపిస్తారు.

"ఏంటత్తా, ఇవాళ ఒక్క పిన్నుతోనే వచ్చేవు?" అంది పక్కన పీచు తిరగేస్తున్న బేబి. "నీ తల్లోంచి రాలినవన్నీ ఏరుంటే ఈపాటికి ఇనప సామాను కొట్టు పెట్టేదానివి."

"పెడితే గల్లాపెట్టి మీద నిన్నే కూర్చోబెడుదును. నోరు తప్ప ఏదీ ఆడదు కదా నీకు."

నవ్వింది గానీ మనసు పనిలో లేదు. ఆయన ఊరికే పిలిచే మనిషి కాదు. మంచినీళ్ళు కావాలంటే గ్లాసు మీద వేలితో కొడతాడు. నొప్పొస్తే కళ్ళు మూసుకుంటాడు. రమ్మని పిలిచాడంటే, రెండోసారి కూడా పిలిచాడంటే, ఏదో ఉంది.

అన్నాలప్పుడు పక్కింటి ఎలీసమ్మకి ఫోను చేసింది. ఈమె పనికొస్తే ఆయన్ని కనిపెట్టుకుని ఉండేది ఎలీసమ్మే.

"గంజి తాగేరా?"

"ఆయ్, తాగేరు వదినా. సగం నా చీర మీదే పోసేరు."

"పొద్దున్న నన్నెందుకు పిలిచేరో ఏవైనా చెప్పేరా?"

అవతల ఎలీసమ్మ కిసుక్కుమంది. "ఆ సంగతి నేను చెప్పకూడదు. వచ్చి ఆయన్నే అడుగు. నువ్వెప్పుడొస్తావని మూడుసార్లు అడిగేరు."

కనకరత్నం తిన్న చెయ్యి కడుక్కుని యజమాని సత్యదుర్గారావు దగ్గరికి వెళ్ళింది. "రెండింటి ఆటోకి ఇంటికి పోతానండీ. ఆయన పిలుస్తున్నారు."

"ఆయ్, వెళ్ళమ్మా. ఆ చివర వరస తిరగేసి వెళ్ళిపో."

చివర వరస తిరగేసి నడుం ఎత్తేసరికి ముడి ఊడి వీపు మీద పడింది. పిన్ను లేదు.

ఎక్కడో ఆ పీచులోనే పడింది. పోయిన నెల ఒక బేలులో పిన్ను కనిపించిందని కొన్నవాళ్ళు లోడు మొత్తం వెనక్కి పంపారు. అప్పటి నుంచి, ఎవరి పిన్ను రాలితే వాళ్ళే వెతికి తీసి కదలాలని కట్టడి. చెప్పకుండా పోయినా ఎవరికీ తెలియదు. కానీ రేపు ఆ బేలు ఎవరి మెడకి చుట్టుకుంటుందో. బేబికి ఇద్దరు పిల్లలున్నారు.

"చెప్పకపోతే ఏం పోయింది అత్తా. వెళ్ళిపో," అంది బేబి గొంతు తగ్గించి.

"పోతే నాకు నిద్ర పట్టదే."

పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని తాడుకి కట్టి ఉంచారు, ఇలాంటప్పటికి. కనకరత్నం కూలబడి, దాన్ని పీచు మీద అంగుళం అంగుళం ఈడ్చుకుంటూ పోయింది. తుప్పు మేకు వచ్చింది. బ్లేడు ముక్క వచ్చింది. రెండింటి ఆటో వెళ్ళిపోయింది. ఎండ వీపు మీంచి పక్కకి తిరిగింది. నాలుగవుతుండగా టిక్కుమని అంటుకుంది పిన్ను. చూస్తే ఆమెది కాదు, రంగుపూస ఉన్నది, ఎవరో చిన్నపిల్లది. ఇంకాసేపటికి ఆమెదీ దొరికింది. దాన్ని తలలో పెట్టుకోవాలనిపించలేదు. ఫ్యాక్టరీ గేటు పక్క చెత్తడబ్బాలో పడేసి, జుట్టు అలాగే వేలాడేసుకుని రోడ్డు మీదికొచ్చింది.

ఇంటికొచ్చేసరికి సూర్యుడు కొబ్బరిచెట్ల మొదళ్ళలోకి దిగాడు. ఎలీసమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. "అన్నయ్యగారు మూడింటి నుంచీ పడుకున్నారు వదినా. లేపలేదు," అంది.

కనకరత్నం కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. మంచం పట్టె మీద కూర్చుని, "వచ్చేనండీ," అంది. "పొద్దున్న ఎందుకు పిలిచేరు? రానందుకు కోపమా?"

పాదం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి, చల్లబడిపోయిన ఆ పాదం మీదే ఉండిపోయింది.

ఎంతసేపటికో ఎలీసమ్మ చాట పట్టుకుని గుమ్మంలోకొచ్చి చూసి, చాట కింద పెట్టేసి, ఆమె పక్కనే కూలబడింది. ఇద్దరూ ఏడవడం మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.

"పది రోజుల కిందట నన్ను పోరి నీ ముడికో క్లిప్పు తెప్పించేరు వదినా," అంది ఎలీసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఒంటి చేత్తో నొక్కితే నోరు తెరిచేది కావాలన్నారు. చేతకాకపోతే నువ్వు బాధపడతావని, పెట్టడం వచ్చేదాకా చెప్పొద్దన్నారు. రోజూ నువ్వు పనికెళ్ళేక అదే పని. జారిపోయేది, నేను అందిచ్చేదాన్ని. నిన్న సాయంత్రానికి పెట్టడం వచ్చేసింది. రేపు పొద్దున్నే రత్నానికి పెడతానన్నారు. ఇవాళ కూడా నువ్వెళ్ళేక ఓసారి పెట్టి చూసుకున్నారు."

కనకరత్నం తలెత్తి చూసింది. మంచం తలాపున, ఆయన ఎడంచేతికి అందేంత ఎత్తులో, దోమతెరని పోగుచేసి, మెలిపెట్టి, ఆడదాని ముడిలాగే చుట్టి, దానికి పెట్టిన కొత్త నల్ల క్లచ్చి క్లిప్పు, ఒక్క పోగైనా జారనివ్వకుండా బిగించి పట్టుకుని ఉంది.