ఎర్ర పావడాలో ఒక పోగు

టక్, టక్, టక్, మడమల చప్పుడు, అది ఇప్పుడే వినబడాలా, కనబడడానికేమో ఏమీ లేదు, అంతా చీకటి, ఈ మ్యూజియం గోదాములో దీపాలకు మనిషి కదిలితేనే నమ్మకం, కాస్త నిమ్మళంగా పని చేసుకుంటే ఎవరూ లేరనుకుని ఆరిపోతాయి, అప్పుడు లేచి రెండు చేతులూ ఎత్తి పిట్టల్ని తోలినట్టు ఊపాలి, పొద్దుటినుంచి ఇది ఏడోసారి, అయినా ధరణి ఊపలేదు, ఊడదీసిన గ్లవ్ కోసం బల్లకింద తడుముకుంది, ఆ తడుములాటకే దీపాలు భగ్గుమని వెలిగి ఆమె తప్పును బల్లమీద పరిచి చూపించాయి, ఎర్ర ఉన్ని పావడా, నూరేళ్ళనాడు ఐర్లాండులో ఎవరో నేసి కట్టుకున్నది, దాని అంచున అప్పుడే బిగిసిన చిన్న ముడి.

ఒక పోగు తెగింది అని కార్డు మీద రాస్తే సరిపోయేది, అంతే కదా పని, కానీ చీరాలలో మగ్గం పక్కన పెరిగిన చెయ్యి రాతకు ఆగుతుందా, తెగిన పోగు కనబడితే నీళ్ళు తాగకుండా అతకమనేది నాయనమ్మ జానకమ్మ, ఆ చెయ్యి తనంతట తానే గ్లవ్ విప్పింది, వేలిని నాలుకకు తాకించింది, మెలి తిప్పింది, ముడి వేసింది, ఛీ, అందులోనూ ఎంగిలి తడి, మడీ ఆచారమూ ఊళ్ళోనే వదిలి కెనడాలో ఈ గ్వెల్ఫ్ వచ్చానని సంబరపడితే ఇక్కడ ఇంకో మడి, గ్లవ్ లేని చెయ్యి తగిలితే ఆ రోజే కొలువుకు సెలవు అని చేరిననాడే కాగితం మీద సంతకం, బేస్‌మెంట్‌లో కలిసి ఉండే వర్ష ఏమంది, ఏందే తల్లీ, కాఫీ షాప్ జాబ్ ఒక్కదానికి మూడొందల మంది మన స్టూడెంట్లే లైన్ల నిలబడుతున్నరు, నీకు గుడ్డలు మడతపెట్టే జాబ్ దొరికింది, జర కాపాడుకో, నీ చేతులకు పనెక్కువ, అంది, నిజమే, ఈ చేతులతోనే వేగలేక చస్తున్నాను.

మోరీన్ వచ్చింది, ఈ సేకరణ అంతటికీ పెద్ద, ధరణి కొలువు ఆమె నోటిమాట మీదే నిలిచి ఉంది, భూతద్దం తీసింది, పావడా మీదికి వంగింది, వంగినంతసేపూ ధరణి ఊపిరి వంగే ఉంది, ఓహ్ లవ్లీ, అంది మోరీన్, ఈ పాత ముడి చూడు, ఎంత నీట్‌గా వేసిందో ఏ ముసలమ్మో, రాసుకో డియర్, పాత మరమ్మతు, చేసినవారు తెలియదు.

బతికిపోయాను, అనుకుంది, అనుకుని కార్డు మీద కలం పెట్టింది, కలం కదలదు, ఇదేం తిక్క, రెండు మాటలు, రాసి పారేస్తే సాయంత్రం బస్సు అందుతుంది, రేపూ ఎల్లుండీ ఈ దీపాలతో కుస్తీ పట్టవచ్చు, కానీ పక్కనే పొద్దుటినుంచి రాసిన నలభై మూడు కార్డులు, విరాళమిచ్చిన దొరసానికి పేరుంది, ఫొటో తీసినాయనకు పేరుంది, అద్దాల పెట్టె కొనిచ్చినాయనకు ఇంటిపేరు సహా ఉంది, చిమట కొట్టిన చిల్లికి కూడా మిల్లీమీటర్లలో కొలత ఉంది, నేసినవారు తెలియదు, అల్లినవారు తెలియదు, కుట్టినవారు తెలియదు, అన్నీ తన గుండ్రటి అక్షరాలే, ఎవరికి తెలియదు, అడిగినవాడెవడు, ఆ రోజు ఎవరైనా నోరు తెరిచి అడిగి ఉంటే ఆ ఆడమనిషి చెప్పకపోయేదా, చీరాలలో మాత్రం ఏం తక్కువ, నాయనమ్మ నేసిన చీరలు షావుకారు పేరుతోనే బెజవాడ బండి ఎక్కేవి, చూశావూ, మళ్ళీ చిరాకు, ఇంతకీ ఎవరి మీద.

ఏమైంది డియర్, స్పెల్లింగా, అంటోంది మోరీన్, కాదు, స్పెల్లింగ్ కాదు, ఇంకో నూరేళ్ళకు ఎవరో ఈ ముడి మీద భూతద్దం పెట్టి లేని ముసలమ్మను మెచ్చుకుంటారు, ఆ అబద్ధం ఎవరో రాసినది కాదు, తన చేత్తో తాను రాయబోతున్నది, ఇంతసేపూ ఎవరో తుడిచేశారని మండిపడుతున్నానే, తుడిచే గుడ్డ నా చేతిలోనే ఉంది, అనుకోగానే లోపలి రొద ఒక్కసారిగా అణిగింది, బస్సు, వర్ష, సంతకం, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, అయినా అణిగింది.

చేసినవారెవరో నాకు తెలుసు మోరీన్, ఇందాకే వేసింది, అని గ్లవ్ లేని చెయ్యి ఎత్తి చూపించి, పేరు ధరణి, అంది.