జానెడు కూడా తగ్గలేదు

అత్త శవాన్ని నిలబెట్టి బయటికి తెచ్చారు. గుడిసెకీ గుడిసెకీ మధ్య మంచం తిరగలేదు మరి. నలుగురు మోయాల్సిన మనిషిని ఇద్దరు చంకల కింద చేతులేసి లాక్కొస్తుంటే, కోడలు ముళ్ళక్కకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఆ వాడంతా ముళ్ళతీగ కంచెలు కట్టేవాళ్ళు. ఏ స్థలమైనా సరే, చుట్టూ ఎన్ని మీటర్ల తీగ పడితే అంత అని చెప్పుకుంటారు. వాళ్ళ పాత వాడ నూట అరవై తీగ. అక్కడ గోదాము కట్టాలనుకున్న కాంట్రాక్టరు, "కొత్తచోటూ నూట అరవయ్యే. మీరే కొలుచుకోండి" అన్నాడు. ముళ్ళక్క మామ కంచె మేస్త్రి. ఆయనే కొలిచి సరేనన్నాడు. అందరూ మూటాముల్లె సర్దుకుని కదిలారు. ఖాళీ అయిన పాతచోటుకి కంచె కట్టిందీ వాళ్ళే.

అత్తను సాగనంపి వచ్చి జనం టీకొట్టు దగ్గర మూగారు.

"కొలత తప్పలేదే! తీగ నా చేత్తో లాగాను," అని మామ తల బాదుకున్నాడు.

"తప్పలేదు మావయ్యా. మాయంతా అక్కడే ఉంది."

ముళ్ళక్క తీగముక్కను నలుచదరంగా వంచి బల్లమీద పెట్టింది. అందులో టీగ్లాసులు వరసకి నాలుగు చొప్పున నాలుగు వరసలు పట్టాయి. గ్లాసులు తీసేసి, అదే తీగను వాళ్ళ కొత్తచోటులా గ్లాసంత వెడల్పున పొడుగ్గా నొక్కింది. ఈసారి పట్టినవి ఏడే.

"చుట్టుకొలత అంతే ఉంది. తొమ్మిది గ్లాసులు మాత్రం వీధిన పడ్డాయి. అందులో ఒకటి అత్త."



"కాంట్రాక్టరు కాయితాల మీద వేలిముద్రలేశాం కదమ్మా. కోర్టుకెళ్దాం," అన్నాడు టీకొట్టు ముసలాయన.

"అది తేలేలోపు ఇంకెంతమందిని నిలబెట్టి మొయ్యాలి తాతా? కట్టిన చేతులకి విప్పడం రాదా? వాడి కొలత వాడికే చూపిద్దాం!"

మర్నాడు కాంట్రాక్టరు పాతచోటులో వేసుకున్న రేకుల ఆఫీసుగదిలో ఉండగానే వాడంతా అక్కడికి వచ్చిపడింది. కంచె విప్పారు. అదే తీగను ఆ గదికీ కారుకీ చుట్టూ, కారు పట్టేంత వెడల్పున, ఒక అంచు వెంట ఆ కొసదాకా, అక్కడ మలుపు తిప్పి పక్క అంచు చివరిదాకా పొడుగ్గా బిగించారు. గేటు పెట్టలేదు. బయట మిగిలిన నేలలో ఆడవాళ్ళు గుంజలు పాతడం మొదలుపెట్టారు.

"ఒరేయ్, ఏంట్రా ఇది! తియ్యండి!" కాంట్రాక్టరు అరిచాడు.

"నూట అరవై సార్. మీరే కొలుచుకోండి," అన్నాడు మామ. "జానెడు కూడా తగ్గలేదు."

పోలీసులు వచ్చారు. ముళ్ళతీగ తెంపడం వాళ్ళకి చేతకాలేదు. చివరికి ఇద్దరు కానిస్టేబుళ్ళు కాంట్రాక్టరు చంకల కింద చేతులేసి, నిలువునా, తీగల సందులోంచి బయటికి లాగారు. చొక్కా చిరిగింది, వీపు గీసుకుపోయింది. అది చూశాక ముళ్ళక్కకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"ఎవర్రా ఇది కట్టించింది?" ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

"నేనే," అంది ముళ్ళక్క.

చేతులు విరిచిపట్టి వ్యాన్ ఎక్కించారు. జనం వ్యాన్‌కు అడ్డం పడబోతే ముళ్ళక్క కిటికీలోంచి కేకేసింది.

"నా సంగతి తర్వాత! మావయ్యా, గుంజలు దూరదూరంగా పాతించు. మంచం తిరగాలి!"

మామ గునపం ఎత్తి నేలలో దించాడు.