నల్ల మూల ఉత్తరం

నేను ఒక నీలం రంగు ఇన్‌లాండ్ ఉత్తరాన్ని. చల్లని కబురు మోసుకెళ్ళి ఒక మనిషిని కూలబడి ఏడ్చేలా చేసిన ఘనత నాది. తప్పు మాత్రం గౌరునాయుడి బొటనవేలిది.

విజయనగరం వైపు పల్లెలో గౌరునాయుడికీ, అత్తారింట ఉన్న చెల్లెలు పోలమ్మకీ కలిపి తల్లి తరఫున వచ్చిన జీడితోట ఒకటుంది. ఓపిక తగ్గి, అమ్మేద్దామన్నాడాయన. అన్న డబ్బంతా మింగేస్తాడని ఆవిడ వేలిముద్ర వేయనంది. మూడేళ్ళు మాటల్లేవు. చివరికాయన బ్యాంకుకెళ్ళి, ఇద్దరి పేరా ఖాతా కావాలని కాగితం మీద వేలిముద్ర వేశాడు. అక్కడి వరండాలోనే ఎవరినో బతిమాలి నన్ను రాయించుకున్నాడు. వేలు తుడుచుకోకుండానే మడిచి అంటించాడు. నా మూలకు నల్లసిరా అంటింది. ఉత్తరం మూలన పసుపుంటే పెళ్ళి, నలుపుంటే చావు. అది ఆయనకీ తెలుసు. వేలు వంక చూసుకోలేదంతే.

పోలమ్మ ఊళ్ళో పోస్ట్‌మాన్ నన్ను చేతికివ్వలేదు. అరుగు మీద పెట్టి, తలదించుకుని వెళ్ళిపోయాడు. ఆవిడకు చదువు రాదు గానీ నలుపు తెలుసు. కట్టుచీరతోనే నెత్తిన నీళ్ళు గుమ్మరించుకుని, "తోటంతా నువ్వే తీసీసుకున్నా నానేటీ అనకపోదును కదా అన్నియ్యా" అని ఏడ్చింది. బతికున్నవాళ్ళతో ఈ ఒక్క ముక్క అనడానికి మనుషులకు నోరెందుకు రాదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఏడుపు విని పక్కింటి కోడలొచ్చి నన్ను విప్పింది. "నేను ఇచ్చట క్షేమం" అని చదివి ఆగిపోయింది. పోలమ్మ మళ్ళీ చదవమంది. ఇంకోసారి చదివించుకుని అన్నను నోరారా తిట్టింది. తోట బేరం కుదిరిందనీ, డబ్బు ఉమ్మడి ఖాతాలో పడుతుందనీ, ఇద్దరూ వేలిముద్ర వేస్తే తప్ప పైసా బయటికి రాదనీ, రిజిస్ట్రేషనుకు రమ్మనీ నాలో ఇంకా చాలా ఉంది. అదంతా ఆవిడ విన్నదో లేదో.

మర్నాడు నన్ను బొడ్డులో దోపుకుని అన్న దగ్గరికి బస్సెక్కింది. రిజిస్ట్రారు ఆఫీసులో వేయమన్న చోటల్లా వేలిముద్ర వేసింది. గౌరునాయుడు బిత్తరపోయాడు.

"ఎంతకమ్మేనో అడగవేటే?"

"అడగను. నువ్వెందుకలా సిక్కిపోనావు?"

ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఇంతకీ ఉత్తరం చూసి ఏమనుకున్నావని అడిగాడు. పోలమ్మ నన్ను బొడ్డులో ఇంకాస్త లోపలికి తోసి, అన్నం తిందాం రమ్మని ఆయన చెయ్యి పట్టుకుంది.