సగమే లేవాలె

ఎల్లారెడ్డిలో ఆ గల్లీ మొత్తానికి బీడీలు చేయడంలో దుర్గవ్వను మించిన చెయ్యి లేదని పేరు. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుందంటే పక్కన పిడుగు పడ్డా తలెత్తేది కాదు. నిజం చెప్పాలంటే, ఆ పేరు తప్ప గొప్పగా చెప్పుకోవడానికి ఆమెకు ఇంకేమీ లేదు. అలాంటి పేరు పోయి పోయి తోడికోడలు నిరోషకు దక్కింది.

అంతా నడుము తెచ్చిన తంటా. వంగి వంగి ఇద్దరి నడుములూ పట్టేశాయి. అయితే సకల జనుల సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలవగానే నిరోష కామారెడ్డి వెళ్లి, ఫిజియోథెరపీ మేడం దగ్గర కసరత్తు నేర్చుకుని వచ్చింది. రోజూ పొద్దున్నే చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, తలా భుజాలూ మాత్రం కాస్త లేపి మెల్లగా దించేది. చలికాలం పోయేసరికి ఆమె నడుము కుదుటపడింది. ఆమె కట్టిన బీడీ కట్టలు దుర్గవ్వ కట్టలను దాటిపోయాయి.

"మా చిన్నకోడలు చెయ్యి ఎట్ల ఉరుకుతున్నదో సూడుండ్రి," అని అత్త అంజవ్వ దారినపోయే వాళ్లందరినీ ఆపి చెబుతుంటే దుర్గవ్వకు ఒళ్లు మండిపోయేది.

"అక్కా, నువ్వు గూడ చెయ్యరాదె? నేను సూపిస్త," అని నిరోష ఒకటికి రెండుసార్లు పిలిచింది.

"నాకేం రోగం? పొద్దుగాల్నే పండుకొని లేసే పని నాకు లేదు," అని కసిరింది దుర్గవ్వ. ఆ పిలుపులో ఆమెకు ఎగతాళే వినిపించింది. ఈర్ష్య పట్టిన చెవికి ఇంకేం వినిపిస్తుంది?

కసిరిందే గానీ తలుపు సందులోంచి చూడడం మాత్రం మానలేదు. చూసి చూసి ఒక నిర్ణయానికి వచ్చింది. 'ఇది సగమే లేస్తున్నది. పూర్తిగా లేవ చాతనైతలేదు దీనికి. సగం లేస్తేనే ఇంత బాగైతే, నేను మొత్తం లేస్తే ఎట్లుంటది?'

అంగడి రోజు అత్తా తోడికోడలూ కూరగాయలకు వెళ్లగానే దుర్గవ్వ తలుపు దగ్గరకు వేసి చాప పరిచింది. కాళ్లు బారచాపి పాదాలు బియ్యం బస్తా కింద దూర్చింది. చేతులు మెడ వెనక బిగించి ఒక్క గుంజు గుంజింది. లేచింది! ముక్కు మోకాళ్లకు తగిలింది. "సూడే నిరోషా," అని గోడకు చెప్పి, ఊపిరి బిగబట్టి మళ్లీ లేచింది. ఇంకోసారి లేవబోతుంటే నడుములో కలుక్కుమంది. ఇక పడుకోనూ లేకపోయింది, లేవనూ లేకపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ అవతారంలో ఎవరి కంట పడాల్సి వస్తుందో తలచుకుంటే నొప్పి కన్నా అదే ఎక్కువ బాధగా ఉంది.

సరిగ్గా ఆ కంటనే పడింది. నిరోష కూరగాయల సంచి గడపలోనే వదిలి పరిగెత్తుకొచ్చింది. ముందు బస్తా జరిపింది. భుజాల కింద చెయ్యి వేసి మెల్లగా పడుకోబెట్టి, మోకాళ్ల కింద దిండు పెట్టింది.

"కాళ్లెందుకు బిగించినవక్కా? గట్ల చేస్తె బరువంత నడుం మీదనే పడ్తది. మెడ గట్ల గుంజుతరా ఎవరన్న? సగమే లేవాలె. పని చేసేది పొట్ట, నడుం కాదు."

నిరోష తిట్టినా బాగుండేది. జాలిపడుతుంటే దుర్గవ్వకు ఇంకా మండింది.

మర్నాడు ఆమెను కామారెడ్డి బస్సెక్కించి తీసుకుపోయింది కూడా నిరోషే. నొప్పి పూర్తిగా తగ్గేదాకా ఏ కసరత్తూ చేయవద్దని మేడం గట్టిగా చెప్పింది. తగ్గాక ఒక పొద్దున దుర్గవ్వ చాప మీద పడుకోక తప్పలేదు. నిరోష పక్కన కూర్చుని ఆమె నడుము కింద అరచెయ్యి పెట్టింది.

"మోకాళ్లు మడువు. నడుం నా చెయ్యి మీద ఆనుకునే ఉండాలె. ఊపిరి ఇడుసుకుంట భుజాలు లేపు. ఆ, సాలు. మెల్లగ దించు."

దుర్గవ్వ దించింది. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "నాకెందుకు నేర్పుతున్నవే? నా నడుం మంచిగైతె నీ పేరు పోతది గద."

"అసలు నా నడుం ఎట్ల పోయిందనుకున్నవ్?" అంది నిరోష. "పెండ్లయి వచ్చిన కాన్నుంచి నీ చెయ్యి సూసి కుళ్లుకున్న. ఎట్లన్న నిన్ను దాటాలెనని నీళ్లు తాగనీకె గూడ లేవకుండ కూసున్న. గట్లనే పట్టుకున్నది."

అయ్యో అనాల్సిన మాటే అది. కానీ దుర్గవ్వకు పట్టరాని సంతోషం కలిగింది. అత్త తనను పొగిడిన రోజుల్లో కూడా ఆమె ఇంత ఆనందపడలేదు. నవ్వు ఆగలేదు. పొట్టంతా కదిలిపోయింది.

"నవ్వకక్కా, నడుం లేస్తున్నది!"

"నిజంగనా? నన్ను సూసి కుళ్లుకున్నవా?"

"ఔనంటున్న గద."

"ఇంకొక్కసారి చెప్పే," అంది దుర్గవ్వ, ఊపిరి వదులుతూ భుజాలు సగం లేపి.