కుర్చీలో నిద్రపోయే పాప

ఎస్తరమ్మ తడిగుడ్డ పిండి, గొడుగు పట్టిన దొరసాని బొమ్మ గౌను మడతల్లోకి చూపుడువేలు పోనిచ్చింది. బంగారు గని సైనైడ్ దిబ్బల మీద నుంచి లేచే తెల్లదుమ్ము, కిటికీలు ఎంత బిగించినా లోపలికొచ్చి ఆ మడతల్లోనే కూర్చుంటుంది. గట్టిగా రుద్దకూడదు. ఆ గౌను అంచున గులాబీ రంగు ఇంగ్లండులో ఎవరో సన్న కుంచెతో వేసింది.

ఇంటి యజమాని ఫెలిక్స్ సారు వాళ్లమ్మ ఒకప్పుడు గని ఇంజనీరు బంగళాలో ఆయా. దొరలు ఊరు విడిచి పోయేటప్పుడు ఈ పింగాణీ బొమ్మలను ఆమెకిచ్చి పోయారు. సారు బడిలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు, పెళ్లి చేసుకోలేదు. షుగరు కళ్లను తినేశాక కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, రోజూ బొమ్మలను ఎస్తరమ్మ మాటల్లో చూస్తున్నారు. పనిలో చేరిన కొత్తలో ఆమెకవి దుమ్ము పట్టే సామాను, అంతే. గోటితో మెల్లగా తట్టి వినమన్నది ఆయనే. బీట లేని బొమ్మ సన్నగా మోగుతుంది, బీటపడింది మూగగా ఉంటుంది. ఒకే అచ్చులో పోసినా ఏ రెండు బొమ్మల కనురెప్పలూ ఒక్కలా ఉండవని ఆయన చెప్పాక ఆమె చూసింది. ఆనాటి నుంచి తుడవడానికి ఎక్కువసేపు పట్టేది.

ఒక్క బొమ్మను మాత్రం మొహం తిప్పుకుని తుడిచేది.

ఆ పొద్దున కాళ్ల కింద నేల గుర్రుమంది. గనులు మూసి ఇన్నేళ్లయినా, నీళ్లు నిండిన సొరంగాల్లో ఎక్కడో బండ పగిలితే ఇళ్లు అదురుతూనే ఉంటాయి. బీరువా అరల్లో బొమ్మలన్నీ ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆమె చేయి చటుక్కున ఒకదాన్ని పట్టుకుంది.

"ఏమీ పగల్లేదు కదమ్మా?" అన్నారు సారు.

"లేదు సార్. అన్నీ ఉండాయి."

"నీ చేతిలో ఏది ఉండాది?"

ఆమె చూసుకుంది. "కుర్చీ పాప."

"దాన్ని గురించి ఎన్నడూ చెప్పలేదు నువ్వు. ఎట్లుండాదో చెప్పు."

ఆమె బొమ్మను వెలుతురులోకి తిప్పింది. "తల పక్కకు వాల్చింది సార్. నోరు రవ్వంత తెరుచుకోని ఉండాది. కాళ్లు నేలకు అందలేదు. బొటనవేలి గోరు గూడా గీసినారు." ఆ గోటి మీది దుమ్ము తుడిచింది. "మా బిడ్డ షెరిన్ ఇట్లే కూర్చున్నింది, ఆస్పత్రి బెంచీలో. జ్వరం దిగి నిద్రపోతా ఉండాదనుకున్నాను. నర్సమ్మ పేరు పిలిచేదంకా లేపలేదు."

సారు ఆమె గొంతు వైపు మొహం తిప్పారు.

"ఇంటికి తీసుకుపో అమ్మా. అది నీదే."

"వద్దు సార్. ఈడుంటేనే రోజూ నన్ను పిలస్తాది. ఇంట్లో పెట్టుకుంటే అలవాటైపోయి, ఇంగ నేను గూడా నిద్రపోయినట్లే."

"అయితే ఇట్లియ్యి. ఈ పొద్దు నేను పట్టుకుంటాను."

ఆయన చేతుల్లో పెట్టి ఆమె వంటింట్లోకి వెళ్లింది. రాగి సంగటి గెలికి, చారు దించి, పళ్లెం తీసుకుని వచ్చింది. సారు తల పక్కకు వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. బొమ్మ జారిపోకుండా ఒడిలో తువ్వాలును గూడులా చుట్టుకున్నారు.

ఈసారి ఆమె నిద్ర అనుకోలేదు. పళ్లెం కింద పెట్టి, కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఆయన చేయి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. షెరిన్ చేయి ఎప్పుడు చల్లబడిందో ఆమెకు తెలియదు. ఈ చేయి పూర్తిగా చల్లబడేదాకా వదల్లేదు. మారికుప్పం రైలు కూత వినిపించి, ఆగిపోయింది.

తర్వాత లేచి పాపను తీసుకుంది. గోటితో తట్టింది. సన్నగా మోగింది. చీర కొంగులో చుట్టి, రొమ్ముకు అదుముకుని, పక్కింటి మునిశంకర్‌కు చెప్పడానికి బయటికి నడిచింది.

సారు ఒడిలో తువ్వాలు అలాగే ఉంది, నడుమ పాప ఉన్న ఆ చిన్న గుంట పూడకుండా.